పెద్దపండగ సెలవులకు ముందు రాత్రి

పెద్దపండగ దగ్గర పడిందంటే మా సాలూరు రెండు రకాల వాసనలేసేది. బొబ్బిలి వైపు నుంచి ఊళ్ళోకి అడుగుపెడితే ముందు తగిలేది రంపం కింద రాలిన కర్రపొట్టు, దాని వెనక వెల్డింగు పొగ, ఆ వెనక కొత్తగా పూసిన రంగులోంచి టర్పెంటైను ఘాటు, ఇంకాస్త ముందుకొస్తే కొలిమిలో ఎర్రగా కాల్చిన కమాను పట్టీ నీళ్ళతొట్టిలో మునిగి బుస్సుమంటూ వదిలే ఆవిరి. అవన్నీ దాటి వీధుల్లోకి మళ్ళితే ఏ గుమ్మం ముందు నిలబడినా బెల్లంపాకమూ, తడిబియ్యప్పిండీ, అరిసెలు వేగే నూనే. పిల్లలం ఆ రెండు వాసనల మధ్యా తిరిగేవాళ్ళం. కాసేపు బాడీ ఇంకా కట్టని ఉత్త చాసిస్ మీదెక్కి స్టీరింగు తిప్పినట్టు చేతులు తిప్పేవాళ్ళం, కాసేపు అరిసెల చెక్కల దగ్గర కూకుని విరిగిన ముక్క ఎప్పుడు చేతిలో పడుతుందా అని చూసేవాళ్ళం.

ఆ రోజుల్లో మా వీధిలో ప్రతి ఇంటికీ లారీ అయినా ఉండేది, లారీతో పనైనా ఉండేది. ఓనర్లు, డైవర్లు, కిలీనర్లు, బాడీ కట్టే వడ్రంగులు, కమాన్లు సరిచేసే కమ్మర్లు, సీట్లు కుట్టేవాళ్ళు, ముందు అద్దం మీద అమ్మవారి పేరూ వెనక చెక్క మీద ఓనరు పిల్లల పేర్లూ రాసే పెయింటర్లు. ఊరున్న చోటు అలాంటిది. సముద్రం వైపు నుంచి వచ్చే రోడ్డు మా దాకా చదునుగా వచ్చి, పాచిపెంట దాటాక కొండ పట్టుకుంటుంది. పి. కోనవలస ఘాటీ ఎక్కి, సుంకి దగ్గర ఒరిస్సాలో పడి, పొట్టంగి, కోరాపుట్, జయపురం, జగదల్‌పూర్ మీదుగా రాయపూర్ పోతుంది. అప్పుడది 43వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు మా ఊరి మీదుగా పోయే ముక్క 26. బొబ్బిలి నుంచి 1913లోనే రైలు పట్టా వేశారు కానీ అది మా ఊళ్ళోనే ఆగిపోయింది. కొండ మీదికి పోయే ఉప్పుబస్తా అయినా, కొండ మీంచి దిగే చింతపండు బుట్ట అయినా లారీ ఎక్కవలసిందే. ఎక్కబోయే ముందు బండిని ఒకసారి చూపించుకోవాలి, దిగొచ్చాక కాలిన బ్రేకులు చూపించుకోవాలి. ఆ ఎక్కడానికీ దిగడానికీ మధ్య మా ఊరు బతికింది.

మా నాన్న డైవరు. వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళేవాడు, వచ్చేటప్పుడు హారను చెప్పేది. మెయిన్ రోడ్డు మీద హారను మోగితే అది ఎవరి బండో అమ్మకి తెలుసు, పక్కింటి అప్పకి తెలుసు, ఆ పక్కింట్లో కళ్ళు కనపడని ముసలమ్మకి మరీ బాగా తెలుసు. "నీ బాబు వచ్చీసినాడే గుంటా, నీళ్ళు పెట్టమను మీ అమ్మని," అని అరుగు మీంచి కేకేసేది ఆమె, నాకింకా ఏమీ వినపడక ముందే. నీళ్ళు కాగేసరికి నాన్న వీధి మలుపు తిరిగేవాడు, భుజం మీద తువ్వాలు, చేతిలో ఖాళీ టిఫిన్ కారియరు, ఒంటి నిండా డీజిలూ చలీ. కొండ మీది చలి మనిషితో పాటు ఇంట్లోకి వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. జనవరిలో ఆయన చొక్కా ముట్టుకుంటే వేళ్ళు జిల్లుమనేవి. 1975లో నేషనల్ పర్మిట్లు వచ్చాక మా వీధి నాన్నలు ఇంకా దూరాలు పోవడం మొదలెట్టారు. హారన్లకీ హారన్లకీ మధ్య ఎడం పెరిగింది.

1978లో సంక్రాంతి సెలవులు ఇచ్చే ముందు రోజు రాత్రి మా బడిలో కార్యక్రమం పెట్టారు. దానికి వార్షికోత్సవమని పేరు, మేం మాత్రం ఫంక్షన్ అనేవాళ్ళం. గుడ్డ మీద నీలం రంగుతో బడి పేరూ, కింద శ్రీకాకుళం జిల్లా అనీ రాయించారు. మరుసటి ఏడాది జూన్‌లో విజయనగరం జిల్లా ఏర్పడి మేం అందులోకి పోయాం, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయాం, ఊరు మటుకు వేగావతి ఒడ్డున ఉన్నచోటే ఉంది. ఆ గుడ్డనే జిల్లా మారాక పాత జిల్లా పేరు మీద తెల్లరంగు కొట్టి మళ్ళీ వాడారు. వెలుతురు వెనకనుంచి పడినప్పుడు పాత పేరు కనిపించేది.

పాటలు నేర్పింది మా పాటల మేష్టారు. పంచెకట్టు, మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా, ఒక పాత హార్మోనియం. దాని తిత్తి చిరిగితే లారీ సీట్లు కుట్టే ఆయన దగ్గర రెక్సిను ముక్క తెచ్చి అతికించారు, అందుకని నల్లపెట్టె వెనక ఎర్రటి అతుకు ఒకటి ఊపిరి తీస్తూ ఉండేది. మేష్టారికి హార్మోనియం అంటే భక్తి, ఆ భక్తికి కారణం సాలూరే. మా ఊళ్ళో పట్రాయని నరసింహశాస్త్రి గారిని పెదగురువుగారనీ, ఆయన కొడుకు సీతారామశాస్త్రి గారిని చినగురువుగారనీ అనేవారు. హార్మోనియం వాయించుకుంటూ పాడటంలో చినగురువుగారంతటివారు లేరని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. తరవాత ఆయన విజయనగరం సంగీత కళాశాలలో పాఠం చెప్పారు, ఎక్కడో కృష్ణా జిల్లా నుంచి ఆకలితో ఆ ఊరు చేరిన కుర్రవాడు ఘంటసాల అక్కడ ఆయన శిష్యుడయ్యాడు. చినగురువుగారి కొడుకు సంగీతరావు గారు మద్రాసులో అదే ఘంటసాల పక్కన ఏళ్ళ తరబడి హార్మోనియం పట్టారు. మేష్టారు ఇదంతా పాఠంగా ఎప్పుడూ చెప్పలేదు. మేం శ్రుతి తప్పినప్పుడు మాత్రం వేళ్ళు ఆపి, "చినగురువుగారి ఊరమ్మా ఇది," అనేవారు. తిట్టు కంటే అదే ఎక్కువ తగిలేది మాకు.

ఆ ఏడు ఊరంతా అడవిరాముడు పాటలు. లారీల్లో అవే, పెళ్ళిళ్ళలో అవే, తడకల హోటల్ రేడియోలో అవే. పెద్ద తరగతి మగపిల్లలు వాటికే డాన్సు కడతామన్నారు, హెడ్మాస్టరు గారు ససేమిరా అన్నారు. పాటల మేష్టారు కాదనలేదు, అవుననలేదు, మా ఆడపిల్లల్ని పిలిచి మల్లీశ్వరిలో పాట ఒకటి ఎత్తుకున్నారు. "ఇది సినిమా పాట కాదా సార్?" అని ఎవరో అడిగితే, "ఇది మన శివరామపురం పాట," అన్నారు. ఊరికి ఆనుకున్న ఆ శివరామపురంలో 1922లో పుట్టిన, ఆ పాటకి బాణీ కట్టిన రాజేశ్వరరావు గారు ఇంటిపేరుగా మా ఊరిపేరు మోసుకుంటూ మద్రాసు పోయారు. తండ్రి సన్యాసిరాజు గారు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలుకి మృదంగం వాయించినవారు. రాజేశ్వరరావు గారు పిల్లవాడిగా ఉండగానే 1935లో శ్రీకృష్ణ లీలలు సినిమాలో కృష్ణుడి వేషం వేసి పద్యాలు పాడారట. మీ వయసువాడే అని మేష్టారు అంటే, ఇక మాకు ఆ పాట మీద హక్కొచ్చినట్టయింది.

పాటలో పల్లవి ఎత్తుకోవడానికీ, చరణాలు పాడటానికీ ఒక్క గొంతు కావాలి. ఆ గొంతు మా తరగతిలో ఒకమ్మాయికే ఉండేది. ఆమె నాన్న కమాన్ల షెడ్డులో పనిచేసేవాడు. ఆమె పక్కన నేను, వెనక రెండు వరసలు, మేమంతా గొంతు కలపాలి. నేనామె పక్కనే ఎందుకు నిలబడ్డానంటే ఎత్తు సరిపోయింది, అంతే. ఇద్దరికీ ఒకే పొడుగు జడలు, ఒకే తాను గుడ్డలోంచి కుట్టించిన పసుపు జాకెట్లు, వాళ్ళమ్మదో మా అమ్మదో చీర మడిచి కట్టిన ఆకుపచ్చ ఓణీలు.

వేదిక కట్టింది ఊరి లారీవాళ్ళే. బడి బల్లలు దగ్గరగా జరిపి, బాడీ షెడ్డులోంచి తెచ్చిన పలకలు పరిచి, లోడుకి వాడే మోకులతో బిగించారు. పైన ఒక బరకం, వెనక ఒక బరకం. ముందు తెరకి మాత్రం ఎవరింట్లోదో రంగు దుప్పటి. వెనక బరకం అంతకు ముందు ట్రిప్పులో చింతపండు మీద కప్పినది కాబోలు, వేషాలు వేసుకోవడానికి దాని చాటుకి పోతే పులుపు వాసన ముక్కులోకి కొట్టేది, మొహానికి పూసిన పౌడరూ, ముసలి వేషం వేసే పిల్లకి రాసిన అర్దళమూ, తలలోని ముద్దబంతి పూలూ అన్నీ ఆ పులుపులో కలిసిపోయేవి. ఇప్పటికీ చింతపండు నానబెడితే నాకు కడుపులో ఒక చిన్న భయం కదులుతుంది, నా వంతు వచ్చేసిందేమోనని.

చీకటి పడేసరికి జనం వచ్చేశారు. ముందు చాపల మీద ఆడవాళ్ళూ, చంటిపిల్లలూ, వెనక బెంచీల మీద పెద్దమనుషులూ, ఆ వెనక గేటు దాకా నిలబడ్డ మగవాళ్ళూ. గేటు అవతల వేరుశనగకాయలూ, ఉడకబెట్టిన చిలగడదుంపలూ అమ్మే బుట్టల దగ్గర కిరసనాయిలు బుడ్లు. అమ్మ ముందు చాప మీదే కూకుంది, తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని. నాన్న రాడని మాకు తెలుసు. జగదల్‌పూర్ లోడుకి వెళ్ళాడు, పండక్కి అందుకుంటే గొప్ప.

ప్రార్థన అయింది. గురజాడ దేశభక్తి గేయం అయింది. సుయోధనుడి ఏకపాత్రాభినయం చేసిన పిల్లవాడి కిరీటం మొదటి గద్దింపుకే చెవుల మీదికి జారింది, వాడు దాన్ని ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో గద తిప్పుతూ పద్యం ఒక్క అక్షరం పోకుండా పూర్తిచేశాడు, జనం అంత గట్టిగా చప్పట్లు కొట్టింది అందుకే. ఆ తరవాత హాస్టల్లో ఉండి చదువుకునే కొండమీది ఆడపిల్లలు థింసా కట్టారు. తుడుమూ, డప్పూ, కిరిడీ, మోరీ వాయించడానికి వాళ్ళ ఊళ్ళ నుంచే మనుషులొచ్చారు. సంతకి అడ్డాకులూ పసుపూ తెచ్చిన తల్లులు కొందరు పిల్లల కోసం ఆ రాత్రి ఉండిపోయి, చాపలకి ఎడంగా, గోడవార కూర్చున్నారు. మోరీ మొదలైంది. పిల్లలు ఒకరి నడుం ఒకరు పట్టుకుని వరసగా అడుగేస్తున్నారు. కాసేపటికి గోడవార ఒకామె లేచింది. ఎవర్నీ అడగలేదు. తిన్నగా బల్లల మెట్టెక్కి వరస చివర తన కూతురి నడుం చుట్టూ చెయ్యి వేసి అడుగు కలిపింది. ఆ వెనక ఇంకొకామె, ఆ వెనక ఇంకొకామె. హెడ్మాస్టరు గారు లేవబోయి, మళ్ళీ కూర్చున్నారు. పలకలు దడదడలాడాయి, మోకులు కిర్రుమన్నాయి. ఆ తల్లులు కూతుళ్ళను చూడటానికే ఉండిపోయారు, చూస్తూ చూస్తూ ఊరికే కూర్చోవడం వాళ్ళకి సాధ్యం కాలేదు. పిల్లల కార్యక్రమాలు ఆ తరవాత చాలా చూశాను, విశాఖపట్నంలో నా కూతురి బడిలోనూ చూశాను, మెత్తటి కుర్చీల్లో కూర్చుని, ఫోన్లు పైకెత్తిన చేతుల మధ్యనుంచి. తల్లి లేచి వెళ్ళి బిడ్డ పక్కన అడుగేసిన కార్యక్రమం మాత్రం అదొక్కటే.

మా పాట మొదలయ్యాక జరిగిన సంగతొకటి చెప్పాలి. పల్లవి అయిపోయి మొదటి చరణంలోకి దిగుతున్నప్పుడు మెయిన్ రోడ్డు మీద ఒక లారీ వచ్చి ఆగుతూ గేరు మార్చింది. అంతే, వెనక నిలబడ్డ మగవాళ్ళ తలలన్నీ ఒక్కసారి అటు తిరిగాయి, చాపల మీద ఆడవాళ్ళలోనూ సగంమంది చెవులు రిక్కించారు. ఎవరి బండో, లోడుదో ఖాళీదో, గేరు ఎందుకలా గీరిందో వాళ్ళ మొహాల్లో లెక్క నడిచింది. క్షణంలో లెక్క తేలింది, తలలు మళ్ళీ మా వైపు తిరిగాయి. అమ్మ మొహం మాత్రం తిరిగినచోటే ఉండిపోయింది, గేటు వైపు. నేను పాడుతూ పాడుతూ అటు చూశాను. గేటు స్తంభం పక్కన నాన్న. తలకి మఫ్లరు, చేతిలో టిఫిన్ కారియరు, పక్కన కిలీనరు కుర్రాడు. బుడ్డి వెలుగులో గడ్డం వరకే కనపడుతోంది. నా పక్కనమ్మాయి గొంతు చరణంలో పైకి పోతోంది, ఉన్న ఒక్క మైకూ ఆమె ముందు, నేను ఆమెకి ఆనుకుని. నాన్న కదలకుండా నిలబడ్డాడు. ముందు బెంచీలో ఎవరో జరిగి చోటిచ్చి పిలిచారు, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

ఇంటికి నడిచేటప్పుడు అమ్మ అడిగింది, అంతసేపు అలా నిలబడ్డావేమని. "కూకుంటే నిద్రొచ్చీస్తాది," అన్నాడు. రెండు రాత్రులుగా ఘాటీలో మంచు, పొట్టంగి దగ్గర ముందు బండి తోక లైటు కూడా కనపడలేదట. బండిని రోడ్డు పక్క ఒగ్గీసి, తాళం కిలీనరు చేతికిచ్చి, మొహమన్నా కడుక్కోకుండా బడికొచ్చేశాడు. నా నెత్తిమీద చెయ్యి వేసి, "బాగా పాడినావే," అన్నాడు. అందర్నీ కలిపి అంటున్నాడనుకున్నాను. ఇంట్లోకి వెళ్ళాక అమ్మ ఆయనకి చద్ది అరిసెలు పెట్టింది, ఒకటి సగం తిని గోడకి ఆనుకుని అలాగే నిద్రపోయాడు.

తరవాత్తరవాత తెలిసింది నాన్న ఏం విన్నాడో. షెడ్డులో, టీకొట్టులో, సుంకి చెకింగు గేటు దగ్గర, ఆ తరవాత నా పెళ్ళిచూపుల్లో కూడా ఆయన చెప్పుకున్నది ఒకటే. మా గుంట మైకులో ఒక్కర్తీ పాడితే బడంతా గప్‌చుప్ అయిపోయిందని. గేటు దగ్గర్నుంచి, ఆ వెలుతుర్లో, ఒకే రంగు ఓణీల్లో, నిద్రలేని కళ్ళకి ఆ గొంతు నాదిగానే వినపడింది. కాదని చెబుదామని నోటిదాకా వచ్చేది. ముందు చాప మీద కూర్చుని అంతా చూసిన అమ్మ, ఆయన వెనకనుంచి నాకు కళ్ళతో వద్దనేది.

సాలూరులో ఇప్పుడూ లారీలున్నాయి. షెడ్లలో ఇప్పుడు కర్ర కంటే ఇనుప రేకు ఎక్కువ, కర్రపొట్టు వాసన వెతుక్కోవాలి. బండి ఎక్కడుందో ఫోనే చెబుతుంది, హారన్ని బట్టి నీళ్ళు పెట్టేవాళ్ళు లేరు. అరుగు మీది ముసలమ్మ పోయింది, అరుగూ పోయింది. పాటల మేష్టారు రిటైరయ్యాక ఆ హార్మోనియం కొన్నాళ్ళు స్టాఫ్ రూములో బీరువా మీద ఉండేదట, ఆ తరవాత సంగతి చెప్పేవాళ్ళు దొరకలేదు. రాజేశ్వరరావు గారు 1999లో పోయారు. సంగీతరావు గారు నిండు నూరేళ్ళు బతికి 2021లో, కరోనా కాలంలో వెళ్ళిపోయారు. ఆ వార్త చదివిన రోజు మేష్టారుంటే ఏ రాగం వాయించి ఉండేవారో అనుకున్నాను.

నాన్న ఆఖరి సంక్రాంతికి నేను ఊళ్ళోనే ఉన్నాను. అప్పటికి కళ్ళకి పొరలు, మోకాళ్ళు పట్టేసి మంచం మీదినుంచే వీధి వినేవాడు. ఆ పాట పాడినమ్మాయి బొబ్బిలి కోడలు, పండక్కి పుట్టింటికొచ్చి మమ్మల్ని చూడటానికి వచ్చింది, పళ్ళెంలో పోకుండలు పట్టుకుని. ఆమె ఎవరో చెప్పి మంచం దగ్గర కుర్చీ వేశాను. నాన్న గుర్తుపట్టాడు, కమాన్ల షెడ్డులో వాళ్ళ నాన్న తన బండికి వేసిన పట్టీ ఘాటీలో ఎన్నేళ్ళు ఆగిందో చెప్పాడు, ఆ తరవాత అందరికీ చెప్పేదే ఆమెకీ మొదలుపెట్టాడు.

"నీకు గేపకం ఉందో నేదో అమ్మా, ఆ యేడు పెద్దపండగ ముందర బడిలో మా గుంట పాడితే..."

నేను టీ గ్లాసులతో గుమ్మంలో ఆగిపోయాను. ఆమె నా వైపు ఒకసారి చూసింది.

"ఎందుకు గుర్తుండదు బాబాయ్? నేను తన పక్కనే కదా నిలబడ్డాను," అంది.

నాన్న తృప్తిగా తలాడించి పల్లవి కూనిరాగం తీశాడు. చరణం ఎత్తుకునేచోట తప్పాడు. ఆమె మెల్లగా అందుకుని, ఆయన మంచం పట్టె మీద వేలితో తాళం వేస్తూ, ఆ చరణం చివరిదాకా పాడింది. గొంతు కొంచెం బరువెక్కింది కానీ పైస్థాయిలో అదే నిలకడ. వంటింట్లోంచి అమ్మ కూడా వచ్చి నా వెనక నిలబడింది. పాట అయిపోయాక నాన్న కాసేపు ఏమీ అనలేదు. తరవాత చెయ్యి చాపి ఆమె చెయ్యి తడిమి పట్టుకున్నాడు.

"నువ్వు కూడా బాగానే పాడతావే అమ్మా," అన్నాడు.